తలనొప్పి కాదు, నడక తడబాటు చూడండి

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

సెలవులు దగ్గరపడుతున్నాయేమో, ఈసారి విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కొండల గురించే. లేహ్, కైలాసం, ఎవరెస్ట్ బేస్ క్యాంపు… అందరి అనుమానమూ ఒక్కటే: అంత ఎత్తులో బుర్రకు ఏమవుతుంది?

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం. జూన్‌లో వైజాగ్ నుంచి ఢిల్లీ వెళ్లి, తెల్లవారుజామున లేహ్ విమానం ఎక్కుతాం. దిగిన మర్నాడే బైకుల మీద ఖార్దుంగ్ లా కనుమకు వెళ్లాలని ప్లాన్. అందరం ముప్పై లోపువాళ్లమే. రోజూ బీచ్ రోడ్డులో ఐదు కిలోమీటర్లు పరిగెత్తుతాం, కైలాసగిరి ఆగకుండా ఎక్కేస్తాం. మాకేమైనా ఇబ్బంది ఉంటుందా?
– మధురవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఉంటుంది. మీ పరుగు కాళ్లకు, గుండెకు పనికొస్తుంది. ఆ ఎత్తులో మెదడుకు మాత్రం ఏ పూచీ ఇవ్వదు. నిజానికి దమ్మున్న కుర్రాళ్లకే ముప్పు ఎక్కువ. ఆయాసం తెలీదు కాబట్టి తొందరగా పైకి పోతారు.

గాలిలో ఆక్సిజన్ వాటా ఆర్కే బీచ్‌లోనూ ఎవరెస్ట్ మీదా ఒకటే, దాదాపు 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. మన తీరంలో 760 మిల్లీమీటర్ల పాదరసం ఉండే ఒత్తిడి, 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో 500కి కాస్త తక్కువ. ఖార్దుంగ్ లా 5,359 మీటర్లు, అక్కడ సగానికి కొంచెం పైన. (దారి పక్క బోర్డు చాలాకాలం ఇంతకంటే ఎక్కువే చూపించింది. జీపీఎస్ కొలతలొచ్చాక తేలింది అసలు లెక్క.) మెదడు మన ఒంటి బరువులో 2 శాతమే గానీ ఆక్సిజన్‌లో 20 శాతం దానికే కావాలి. రేపటికని దాచుకునే ఏర్పాటు దానికి లేదు. సరఫరా తగ్గగానే మెదడు రక్తనాళాలు వెడల్పై ఎక్కువ రక్తాన్ని రప్పించుకుంటాయి. పుర్రె సాగదు కదా, లోపల ఇరుకవుతుంది. తలనొప్పికి మొదలు అక్కడే.

అసలు మోసం టైములో ఉంది. లేహ్‌లో పొద్దున దిగినప్పుడు ఏమీ ఉండదు. ‘ఇంతేనా!’ అనిపిస్తుంది. తలనొప్పి మామూలుగా 6 నుంచి 12 గంటల తర్వాత, అంటే ఆ సాయంత్రమో రాత్రో వస్తుంది. బాగున్నామనుకుని మధ్యాహ్నమంతా ఊరు తిరిగినవాళ్లే రాత్రి వాంతులు చేసుకుంటారు. కొండ డాక్టర్లు దీన్ని లేక్ లూయీజ్ లెక్కతో కొలుస్తారు. తలనొప్పి, కడుపులో వికారం, నీరసం, తల తిరగడం – ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. తలనొప్పి ఉండి మొత్తం మూడో, అంతకు మించో వస్తే అది ‘ఎత్తు జబ్బు’. ఆ లెక్క వచ్చినరోజు ఇంకా పైకి వెళ్లకూడదు. అంతే.

మీ ప్లాన్ ఇలా మార్చుకోండి. లేహ్‌లో మొదటి 48 గంటలు హోటలు, భోజనం, నెమ్మదిగా వీధి చివరిదాకా నడక. మద్యం ముట్టొద్దు. మూడోరోజు చుట్టుపక్కల గోంపాలు (బౌద్ధ మఠాలు). నాలుగోరోజు ఖార్దుంగ్ లా దాటి నుబ్రా లోయలోకి దిగిపోండి. అక్కడ డిస్కిట్ 3,100 మీటర్లకు అటూఇటూగా ఉంటుంది కాబట్టి లేహ్ కంటే కిందే పడుకుంటారు. కనుమ మీద ఫోటోలకు పావుగంట చాలు. 4,200 మీటర్ల పైనున్న పాంగాంగ్ సరస్సు దగ్గర పడుకోవడం ఆఖరికి పెట్టుకోండి. పగలు ఎంత ఎత్తు తొక్కారన్నది రెండో సంగతి, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే మొదటిది.

సముద్రమట్టం నుంచి ఒక్కరోజులో లేహ్ చేరేవాళ్లకు అసెటజోలమైడ్ (డయామాక్స్ అంటే మందుల షాపులో తెలుస్తుంది) పనికొస్తుంది, డాక్టర్ని అడిగి తీసుకోండి. పెద్దలకు మోతాదు పూటకు 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలు. దొరికేది 250 మాత్ర, సగానికి విరవాలి. బయల్దేరే ముందురోజు మొదలుపెట్టి, పైకి చేరాక రెండురోజులు వాడతారు. ఇది నొప్పిని కప్పిపెట్టే మాత్ర కాదు. మూత్రపిండాల చేత బైకార్బనేట్ అనే క్షారాన్ని బయటికి పంపించి రక్తాన్ని కాస్త ఆమ్లంగా చేస్తుంది, దాంతో ఊపిరి వేగం పెరుగుతుంది. వేళ్ల కొసలు చిమచిమలాడతాయి, ఒంటేలు ఎక్కువసార్లు వస్తుంది, సోడా నాలుకకు చప్పగా తగులుతుంది. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. పడుతుందో లేదో ఇంటి దగ్గరే ఒకటి రెండు రోజులు వేసి చూసుకోవడం మంచిది.

ఇక ‘ముందు అరకులో వారం ఉండి అలవాటుపడితే?’ అని మీలో ఒకరు అడిగారు. తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన జిందగడ శిఖరమే 1,700 మీటర్ల లోపు. లేహ్‌కు పనికొచ్చేంత అలవాటు శరీరానికి పట్టేది సుమారు 2,500 మీటర్ల పైన. అరకు కాఫీ తాగి రండి, అలవాటు మాత్రం అక్కడ దొరకదు.

ప్రశ్న: మా అబ్బాయి అక్టోబరులో ఎవరెస్ట్ బేస్ క్యాంపు ట్రెక్‌కు వెళ్తున్నాడు. తీసుకెళ్లేవాళ్లు ‘తలనొప్పి అందరికీ ఉంటుందండీ, మాత్ర వేసుకుని నడిపించేస్తాం’ అంటున్నారు. మామూలు తలనొప్పికీ ప్రాణం మీదికొచ్చేదానికీ తేడా ఎలా తెలుస్తుంది?
– సీతమ్మధార నుంచి ఒక అమ్మ

జవాబు: అమ్మా, మీరు అడిగింది వాళ్లే మీకు జవాబు చెప్పవలసిన ప్రశ్న. తేడా తలనొప్పి తీవ్రతలో ఉండదు, నడకలోనూ మాటలోనూ ఉంటుంది.

ఎత్తు జబ్బు ముదిరితే మెదడులోని సన్న రక్తనాళాల గోడల నుంచి నీరు కణజాలంలోకి ఊరుతుంది. దీన్ని వైద్యులు ‘హేస్’ అంటారు. ఎత్తువల్ల మెదడులో నీరు చేరడం అన్నమాట. మనం దోమకాటుతో వస్తుందని భయపడే మెదడువాపు జ్వరానికీ దీనికీ సంబంధం లేదు, క్రిములు లేవు, యాంటీబయాటిక్ పనిచేయదు. మొదట దెబ్బతినేది బ్యాలెన్సు. తర్వాత మాట ముద్దగా రావడం, అయోమయం, మత్తు, చివరికి కోమా. ఒకపూటలోనే ఇదంతా జరిగిపోవచ్చు.

పరీక్ష మీవాడికి ఇప్పుడే నేర్పించండి, ఇంట్లో హాల్లో చేసి చూపించవచ్చు. నేల మీద మూడు మీటర్ల గీత. కుడి మడమను ఎడమ బొటనవేలికి ఆనించి, తర్వాత ఎడమ మడమను కుడి బొటనవేలికి ఆనించి, చేతులు వదిలేసి గీత చివరిదాకా నడవాలి, అక్కడ తిరిగి వెనక్కి రావాలి. పక్కన ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా అదే గీత మీద నడిచి చూపించాలి, ఎందుకంటే రాళ్లనేల మీద బరువు బూట్లతో అందరూ కొంచెం తూలుతారు. పక్కమనిషి నిలబడగలిగిన చోట మీవాడు అడుగు పక్కకు వేస్తే, పడబోతే, లేదా ‘నాకెందుకివన్నీ’ అని విసుక్కుని చేయనంటే – మూడింటికీ ఒకే అర్థం. ఆ విసుగును కోపంగా లెక్కపెట్టకండి, రోగలక్షణంగా లెక్కపెట్టండి. తిండికి రాకుండా గదిలోనే ముడుచుకుని ఉండటం, చేతితొడుగు తిరగేసి వేసుకుని అది ఎందుకు ఎక్కడం లేదో తెలియక చూస్తూ కూర్చోవడం, బూటు లేసు కట్టడం మరిచిపోవడం, ఇలాంటివే ముందుగా కనిపిస్తాయి.

ఇందులో చిక్కు ఒకటుంది. ‘నేను బాగానే ఉన్నానా?’ అని తేల్చుకోవలసింది ఏ మెదడో, చెడింది ఆ మెదడే. అందుకే రోగి మాట చెల్లదు. పరీక్ష పక్కవాడు పెట్టాలి, నిర్ణయం పక్కవాడు తీసుకోవాలి. బయల్దేరే ముందే ఒక జంట కుదుర్చుకుని, ‘నేను గీత మీద తడబడితే నన్ను అడక్కుండా దించేయాలి’ అని కాగితం మీద రాసి చెరొకరు దాచుకోవాలి.

తేలాక చేయవలసింది దింపడం. తెల్లారనిద్దాం అనుకోకూడదు. దారి నడవదగ్గదైతే టార్చీలతో రాత్రే, మనిషి తోడుతో. ఒంటరిగా ఎప్పుడూ పంపకూడదు. కనీసం 300 నుంచి 1,000 మీటర్లు, లేదా లక్షణాలు తగ్గేదాకా. ఆక్సిజన్ ఉంటే పెట్టాలి. డెక్సామెథాసోన్ (మెదడులో వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు) మొదట 8 మిల్లీగ్రాములు, తర్వాత ఆరు గంటలకోసారి 4. ఇక్కడే చాలామంది పొరపడతారు: మన మందుల షాపుల్లో ఎక్కువగా ఇచ్చేది అర మిల్లీగ్రాము మాత్ర. ఆ లెక్కన మొదటి మోతాదుకే 16 మాత్రలు మింగాలి, వాంతులవుతున్న మనిషి చేత! కిట్‌లో ఇంజెక్షన్ గానీ 4 మిల్లీగ్రాముల మాత్ర గానీ ఉందో లేదో అడగండి. దారి మూసుకుపోయి దింపలేకపోతే, మనిషిని లోపల పెట్టి గాలి పంపుతో నింపే ఒత్తిడి సంచి ఉంటుంది. లోపల ఉన్నంతసేపు రెండువేల మీటర్లు కిందికి దిగినట్టే. కాకపోతే అది గడువు సంపాదించిపెడుతుంది గానీ దిగడానికి బదులు కాదు.

అయోమయంగా ఉన్న ప్రతివాడికీ హేస్ అనుకోనక్కర్లేదు. మంచు పడుతోందని మూసిన గుడారంలో స్టవ్ వెలిగిస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కూడా ఇలాగే తల నొప్పించి మత్తులో పడేస్తుంది. ఒకే గుడారంలో ముగ్గురికీ ఒకేసారి తల నొప్పి వస్తే ముందు జిప్పు తెరవండి.

ఇక వాళ్లిచ్చిన ప్రోగ్రాం కాగితం చూడండి. దారిలోని ఊళ్ల ఎత్తులు ఇవి: లుక్లా 2,860, నామ్చే 3,440, దింగ్‌బోచే 4,410, లోబుచే 4,940, గోరక్‌షెప్ 5,164 మీటర్లు. 3,000 దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో రెండో రాత్రి ఉండాలి. నామ్చేలో రెండు రాత్రులు, దింగ్‌బోచేలో రెండు రాత్రులు లేని ప్రోగ్రాం ఎంత చవకైనా వద్దనండి.

ప్రశ్న: మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే 2014లో ఎవరెస్ట్ ఎక్కిందని చదివి నాకూ ఆశ పుట్టింది. అయితే ఎనిమిది వేల మీటర్లు దాటినవాళ్ల మెదడు కుంచించుకుపోతుందని మా లెక్చరర్ అన్నారు. నిజమేనా?
– అక్కయ్యపాలెం నుంచి ఒక విద్యార్థిని

జవాబు: పూర్తిగా కొట్టేయలేని మాట, అలాగని పూర్తిగా నమ్మేసేదీ కాదు.

ఎవరెస్ట్ శిఖరం మీద గాలి ఒత్తిడిని 1981లో అక్కడే కొలిచారు: 253 మిల్లీమీటర్లు, అంటే మన తీరంలో ఉన్నదాంట్లో మూడోవంతు. 2007లో బ్రిటిష్ డాక్టర్లు శిఖరం నుంచి దిగుతూ 8,400 మీటర్ల దగ్గర నలుగురు ఆరోహకుల తొడ ధమని నుంచి రక్తం తీసి పరీక్షించారు. ఆక్సిజన్ ఒత్తిడి సగటున 24.6 మిల్లీమీటర్లు. కింద ఆరోగ్యవంతుల్లో 80 నుంచి 100 ఉంటుంది. ఆసుపత్రిలో ఆ అంకె చూస్తే డాక్టరు వెంటిలేటర్ దగ్గరికి పరిగెత్తుతాడు. వాళ్లేమో మాట్లాడుతూ నడిచివచ్చారు. వారాల తరబడి అలవాటుపడిన శరీరం చేసే గారడీ అది.

గారడీకి హద్దు ఉంది. 1933లో ఫ్రాంక్ స్మైత్ ఆక్సిజన్ లేకుండా ఎవరెస్ట్ మీద ఒంటరిగా పైకి వెళ్తూ, తన పక్కన ఇంకో మనిషి నడుస్తున్నాడని గట్టిగా నమ్మాడు. జేబులోంచి మింట్ కేక్ (పుదీనా మిఠాయి) తీసి, విరిచి, సగం ఇవ్వడానికి పక్కకు తిరిగాడు. ఎవరూ లేరు. ఇలా మనుషులు కనిపించడం, గొంతులు వినిపించడం పైన అరుదేమీ కాదు. మెదడులో నీరు చేరకుండానే ఇవి రావచ్చని, కిందికి దిగితే పోతాయని ఈమధ్య వైద్యులు విడిగా గుర్తించారు. ప్రమాదం భ్రమలో కంటే దాని మాట వినడంలో ఉంది. ‘తాడు విప్పేయ్’ అన్న గొంతు మాట విన్నాడనుకోండి…

ఇప్పుడు మీ లెక్చరర్ గారి మాటకు. 1989లో థామస్ హార్న్‌బైన్ బృందం (ఆయనే 1963లో ఎవరెస్ట్‌ను పడమటి గట్టు మీదుగా ఎక్కినవాడు) ఆరోహకులను వెళ్లకముందు, వచ్చాక పరీక్షించింది. జ్ఞాపకంలో, మాటల్లో కొంత తగ్గుదల, వేలితో మీట టకటకా తట్టే వేగంలో మందగింపు కనిపించాయి. కొందరిలో ఆ మందగింపు ఏడాది తర్వాతా ఉంది. వింతేమిటంటే, ఊపిరి గట్టిగా, వేగంగా తీసుకుని పైన బాగా రాణించినవాళ్లకే ఎక్కువ నష్టం. ఎక్కువ ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, అది పడిపోతే మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఒంటికి మేలు చేసిందే బుర్రకు కీడు చేసిందన్నమాట. 2006లో స్పెయిన్ డాక్టర్ల ఎంఆర్ఐ పరిశీలనలో, ఎవరెస్ట్‌కు వెళ్లొచ్చిన 13 మందిలో ఒక్కరి స్కాను మాత్రమే మామూలుగా ఉంది. మీ లెక్చరర్ గారు విన్నది దీని గురించే కావచ్చు.

అయితే 13 మంది అంటే చిన్న గుంపు. వెళ్లకముందు తీసిన స్కాన్లు లేనప్పుడు, మార్పు కొండ తెచ్చిందా, అంతకుముందే ఉందా అని గట్టిగా చెప్పలేం. నెమ్మదిగా ఎక్కినవాళ్లలో బుద్ధిపరీక్షల్లో నిలిచిపోయే తగ్గుదల కనిపించని పరిశీలనలూ ఉన్నాయి. మా అంచనా ఇది: నష్టం నిజమే, చాలామందిలో స్వల్పం. ఆక్సిజన్ లేకుండా మళ్లీమళ్లీ ఎనిమిది వేలు దాటేవాళ్లకు, హేస్ వచ్చినా దిగనివాళ్లకు ముప్పు ఎక్కువ. హేస్ నుంచి కోలుకున్నవాళ్ల మెదడులో సూదిమొనంత రక్తపు మచ్చలు ఏళ్ల తర్వాత కూడా స్కానులో దొరుకుతాయి.

కాబట్టి మీరు వెళ్లే రోజు వస్తే ఆక్సిజన్‌ను నామోషీగా అనుకోకండి. నాలుగు లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడితో నింపితే సుమారు 1,200 లీటర్ల వాయువు. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పది గంటలు. దారిలో క్యూ కట్టి నిలబడ్డ గంటలూ ఇందులోంచే తీసేయాలి. ఆ కూడికా తీసివేతా బేస్ క్యాంపులో చేసి, వెనక్కి తిరగాల్సిన టైము అక్కడే ఖాయం చేసుకోవాలి. పైన చేసే లెక్క తప్పుతుంది.

ప్రశ్న: నేను స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాను. నాకు బీపీ, మావిడకు షుగరు. ఏటా సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ చేస్తాం. కైలాస యాత్రకు వెళ్దామనుకుంటున్నాం. కర్పూరం వాసన చూస్తే చాలని కొందరు, ఆక్సిజన్ డబ్బా కొనుక్కోమని కొందరు, డెక్సా మాత్రలు రోజూ వేసుకోమని కొందరు చెబుతున్నారు. ఏది వినాలి?
– పెందుర్తి

జవాబు: మూడూ వద్దండీ.

కర్పూరం ముక్కుకు చల్లగా తగిలి గాలి ఎక్కువ వస్తున్నట్టు భ్రమ కలిగిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ రవ్వంత పెరగదు. మూటకట్టి వాసన చూస్తే పెద్ద నష్టం లేదు గానీ మింగితే మాత్రం ఫిట్స్ రావచ్చు. పిల్లలకు అందనివ్వకండి. ఆక్సిజన్ డబ్బాలో ఉండేది 6 నుంచి 10 లీటర్లు. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున మూడు నుంచి ఐదు నిమిషాల ముచ్చట. డెక్సా (పైన చెప్పిన డెక్సామెథాసోనే) ఎత్తుకు అలవాటు చేయదు, లక్షణాలను నొక్కిపెడుతుంది. పైన మాత్రలు అయిపోయి ఒక్కసారిగా ఆపితే దాచినదంతా బయటపడుతుంది. అమ్మగారికి షుగరు అమాంతం పెంచుతుంది కూడా.

గిరిప్రదక్షిణ చేసిన కాళ్లు మంచివే. కైలాస పరిక్రమ సుమారు 52 కిలోమీటర్లు, మూడు రోజులు. కానీ ఆ దారిలో దాటాల్సిన డోల్మా లా కనుమ 5,630 మీటర్లు, అక్కడ ఊపిరికి దక్కే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో సగం. బీపీ మాత్రలు ఆపకండి. మొదటి రోజుల్లో బీపీ పెరగడం మామూలే, చిన్న మెషీను వెంట ఉంచుకోండి. ఈ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసేవి ఉంటే, డయామాక్స్ కలపడం గురించి డాక్టర్ని తప్పక అడగండి.

అమ్మగారి విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. షుగరు పడిపోయినా అచ్చం హేస్ లాగే ఉంటుంది, తూలుతారు, తికమకగా మాట్లాడతారు. ముందు వేలు గుచ్చి చూడండి. గ్లూకోమీటరు చలికి తప్పు చూపిస్తుంది లేదా అసలు పనిచేయదు, కాబట్టి స్వెట్టరు లోపల ఒంటికి ఆనించి ఉంచాలి. మెషీను మొరాయిస్తే, మింగగలిగే స్థితిలో ఉంటే గ్లూకోజు ఇచ్చి పదిహేను నిమిషాలు చూడండి. తేరుకోకపోతే దింపే పనిలో పడండి.

వేలికి పెట్టే ఆక్సీమీటరు గురించీ ఒకమాట. కరోనా రోజుల్లో 94 తగ్గితే ఆసుపత్రికి పరిగెత్తిన అలవాటు మనది. 3,500 మీటర్ల దగ్గర ఆరోగ్యవంతులకే 85 నుంచి 90 దాకా ఉంటుంది. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లరంగు ఉన్నా తప్పు చూపిస్తుంది. అంకె కోసం కాదు, తోటివాళ్ల కంటే బాగా తక్కువ ఉన్నదెవరో కనిపెట్టడానికి వాడండి.

ప్రశ్న: మావారు లేహ్‌లో రాత్రి నిద్రలో ఊపిరి ఆపేశారు, లెక్కపెడితే పదిదాకా వచ్చింది, తర్వాత గబగబా పీల్చారు. భయపడి లేపేశాను. గుండె జబ్బా?
– ఎంవీపీ కాలనీ

జవాబు: చాలావరకు కాదు. ఎత్తులో ఎక్కువ ఊపిరి తీయడంవల్ల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. నిద్రలో ‘ఊపిరి తియ్యి’ అనే సంకేతం దాని నుంచే రావాలి, కాబట్టి కాసేపు ఆగుతుంది. ఆక్సిజన్ పడిపోగానే ఉలిక్కిపడి మళ్లీ మొదలు. ఆరోగ్యవంతులకూ జరిగేదే. డయామాక్స్ తగ్గిస్తుంది. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్రలు, మద్యం తీసుకుంటేనే ప్రమాదం, అవి ఊపిరిని ఇంకా అణిచేస్తాయి. విశాఖకు వచ్చాక కూడా గురకతో ఇలాగే ఆగుతుంటే అప్పుడు నిద్ర పరీక్ష చేయించండి.

ప్రశ్న: బేస్ క్యాంపు నుంచి వచ్చి మూడు వారాలైంది. పేర్లు గుర్తురావడం లేదు, కంప్యూటర్ ముందు మనసు నిలవడం లేదు. మెదడు దెబ్బతిందా?
– గాజువాక

జవాబు: పైన తలనొప్పితోనే సరిపోయి, నడక తడబడి ఉండకపోతే శాశ్వతంగా దెబ్బతిని ఉండే అవకాశం తక్కువ. రెండు వారాల చెడునిద్ర, తగ్గిన బరువు, ఒకేసారి మీద పడ్డ ఆఫీసు పని కూడా ఇలాగే చేస్తాయి. ఇంకో నెల నిద్ర సరిచేసుకుని చూడండి. తగ్గకపోతే బీ12, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించి న్యూరాలజిస్టును కలవండి. ఈలోగా ఒక చెయ్యి బలహీనపడినా, చూపులో మచ్చ కనిపించినా, మాట పోయినా మాత్రం ఆగకుండా ఆరోజే ఆసుపత్రికి. ఎత్తులో రక్తం చిక్కబడి ఉంటుంది, రక్తనాళాల్లో గడ్డకట్టడం అరుదే అయినా జరుగుతుంది.

ప్రశ్న: శనివారం రుషికొండలో స్కూబా డైవింగ్, ఆదివారం లేహ్ ప్రయాణం. ఒకదానికి ఒకటి అడ్డమా?
– లాసన్స్ బే

జవాబు: అడ్డమే, టైము చూసుకోకపోతే. నీళ్ల అడుగున ఒత్తిడికి నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. వెంటనే పైకిపోతే సోడా మూత తీసినట్టు బుడగలుగా బయటికి వస్తుంది, ఆ బుడగలు మెదడుకో వెన్నుపాముకో చేరవచ్చు. ఒకేఒక్క మామూలు డైవ్ అయితే విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, రెండు మూడు డైవులో, వరసగా రెండు రోజులో చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. ఆ లెక్క విమానం లోపలి ఒత్తిడికి, అంటే సుమారు 2,400 మీటర్లకు వేసింది. మీరు దిగేది అంతకంటే ఎత్తైన చోట. ఒక రోజంతా విడిచిపెట్టడం మేలు. పొద్దున డైవ్ చేసి, అదే సాయంత్రం లంబసింగి మంచు చూడ్డానికి కారెక్కేవాళ్లున్నారు. వెయ్యి మీటర్ల ఘాట్ రోడ్డు కూడా ఎత్తే. బుడగలకు విమానమూ కారూ తేడా తెలీదు.